ఆస్తమా ఉన్నవారికి సైనస్ ఆపరేషన్: చేయించుకోవాలా, మందులతో ఆగాలా, ఇంజెక్షన్లకు వెళ్లాలా?

ముక్కులో కండ పెరిగింది, ఆపరేషన్ చేయాలి అంటారు ఈఎన్‌టీ డాక్టరు. అదే మనిషికి ఆస్తమా చూసే ఊపిరితిత్తుల డాక్టరు వాపు తెచ్చే సంకేతాలను అడ్డుకునే 'బయోలాజిక్' అనే కొత్త ఇంజెక్షన్ల సంగతి ఎత్తుతారు. ఇంట్లోవాళ్లేమో "ఆపరేషన్ చేయించినా మళ్లీ పెరుగుతుందట కదా" అని వెనక్కి లాగుతారు. ముగ్గురి మాటలోనూ నిజం ఉంది. ఎటు వెళ్లాలన్నది మూడు విషయాలను బట్టి తేలుతుంది: మీ ముక్కులో ఉన్నది ఏ రకం జబ్బు, మీ ఆస్తమా ఎంత అదుపులో ఉంది, ఆపరేషన్ తర్వాత రోజూ చేయాల్సిన పని మీరు చేయగలరా.

ఇక్కడ చెప్పేదంతా 12 వారాలు దాటినా తగ్గని దీర్ఘకాలిక సైనసైటిస్ గురించి, ముఖ్యంగా పాలిప్స్, అంటే ముక్కులో పెరిగే ఈ కండ, ఉన్నవారి గురించి. జలుబు తర్వాత వారం పది రోజులు వేధించే సైనస్ నొప్పికి ఈ లెక్కలు వర్తించవు.

ముక్కు పొర, ఊపిరితిత్తుల గొట్టాల పొర ఒకే గాలి దారిలో భాగాలు. ఈ రోగుల్లో ఎక్కువమందికి రెండు చోట్లా ఇసినోఫిల్ అనే తెల్ల రక్తకణాలే వాపు తెస్తాయి. అందుకే ముక్కు బాగుపడితే ఆయాసం కూడా తగ్గుతుంది. కండను తీసేసినా, దాన్ని పెంచిన వాపు గుణం ఒంట్లోనే ఉంటుంది కాబట్టి మళ్లీ పెరిగే అవకాశం ఉండేదీ అందుకే. సైనస్ ఆపరేషన్ జబ్బును వేళ్లతో పెకలించదు, మందు లోపలికి చేరేందుకు దారి తెరుస్తుంది. ఇది ముందే తెలిసి వెళ్లినవారికి ఫలితం మీద అసంతృప్తి తక్కువ.

## ముందు తేల్చుకోవాల్సినవి

ఒక వైపా, రెండు వైపులా? కండ, చీమిడి, దిబ్బడ ఒక్క వైపే ఉంటే ఈ పోలికంతా పక్కన పెట్టండి. పై దవడ పంటి వేరులో చీము, ఫంగస్ ముద్ద, ఇన్వర్టెడ్ పాపిలోమా అనే గడ్డ, అరుదుగా క్యాన్సర్ ఒక వైపే కనిపిస్తాయి. సీటీ స్కాన్, అవసరమైతే బయాప్సీ అయ్యేదాకా స్ప్రేలతో నెలలు గడపకూడదు.

రక్తంలో ఇసినోఫిల్స్, మొత్తం ఐజీఈ (అలర్జీలో పెరిగే యాంటీబాడీ). యూరోపియన్ నిపుణుల 2020 మార్గదర్శకం ఇసినోఫిల్స్ మైక్రోలీటరుకు 250, ఐజీఈ 100 దాటితే అలర్జీ తరహా వాపు ఉన్నట్టు లెక్కించింది. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నప్పుడు ఇసినోఫిల్స్ పడిపోతాయి కాబట్టి ఆ సమయంలో తీసిన రిపోర్టు నమ్మదగింది కాదు. పాత రిపోర్టులు ఉంటే వెతికి తీసుకెళ్లండి.

నొప్పి మాత్రలు పడతాయా? ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి వేసుకున్న కాసేపటికి, మహా అయితే రెండు మూడు గంటల్లోపు, ముక్కు కారి, దిబ్బడేసి, ఆయాసం వచ్చిందా? పాలిప్స్, ఆస్తమా, ఈ పడకపోవడం మూడూ కలిస్తే దాన్ని ఏఈఆర్‌డీ అంటారు. పెద్దల ఆస్తమాలో సుమారు 7 శాతం మందికి ఇది ఉంటుంది. కండ త్వరగా, మొండిగా తిరిగి పెరిగేది వీరికే.

ఏడాదిలో ఎన్ని స్టెరాయిడ్ కోర్సులు? ముక్కుకు వేరుగా, ఆయాసానికి వేరుగా ఇద్దరు డాక్టర్లు రాసినవి కలిపి లెక్కపెట్టండి. విడివిడిగా చూస్తే తక్కువే అనిపిస్తాయి. ప్రెడ్నిసొలోన్ రోజుకు 30 మి.గ్రా. చొప్పున రెండు వారాలు వాడితే ఒక్క కోర్సుకే 420 మి.గ్రా. అవుతుంది. ఏడాదికి రెండు కోర్సులు దాటుతున్నాయంటే ఇప్పుడున్న వైద్యం చాలడం లేదనే.

ఆస్తమా అదుపు. పగలు వారానికి రెండుసార్లకు మించి ఇబ్బంది, రాత్రి ఆయాసంతో మెలకువ, రిలీవర్ పంపు తరచూ కొట్టుకోవడం, పనులు మానుకోవడం. వీటిలో మూడు ఉంటే ఆస్తమా అదుపులో లేదు. ఒకటి రెండు ఉన్నా పూర్తిగా అదుపులో ఉన్నట్టు కాదు. స్పైరోమెట్రీ అనే ఊదే పరీక్షలో ఎఫ్‌ఈవీ1 (గట్టిగా ఊదితే మొదటి సెకనులో బయటికొచ్చే గాలి) ఎంత శాతమో రాసి పెట్టుకోండి.

స్నాట్-22 స్కోరు. ఇది సైనస్ బాధను కొలిచే ప్రశ్నల పత్రం. 22 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 5, మొత్తం 110. ఎంత ఎక్కువ వస్తే బాధ అంత ఎక్కువ. 9 పాయింట్లు తగ్గితే మనిషికి తేడా తెలుస్తుంది. ఏ వైద్యం మొదలుపెట్టినా ముందు ఒకసారి, మూడు నెలలకు ఒకసారి నింపండి. "కొంచెం బాగానే ఉంది" అనే మాట కన్నా ఈ అంకె డాక్టరుకు ఎక్కువ చెబుతుంది.

## ఉన్న దారులు ఒక్క చూపులో

| దారి | ముక్కుకు | ఆస్తమాకు | తిరగబెట్టడం | మోయాల్సిన భారం |
|---|---|---|---|---|
| ఉప్పునీటి కడుగు, స్టెరాయిడ్ స్ప్రే | చిన్న పాలిప్స్‌కు మేలు, నెమ్మదిగా | కొంత | ఆపితే తిరగబెడుతుంది | రోజూ 10 నిమిషాలు, ఖర్చు తక్కువ |
| స్టెరాయిడ్ మాత్రల కోర్సు | రోజుల్లోనే గట్టి ఫలితం | రోజుల్లోనే | వారాల నుంచి కొన్ని నెలల్లో | షుగర్, ఎముకలు, కళ్లు |
| కండ మాత్రమే తీయడం | గాలి వెంటనే ఆడుతుంది | తాత్కాలికం | ఎక్కువ | మళ్లీ ఆపరేషన్ |
| పూర్తి ఎండోస్కోపిక్ ఆపరేషన్ (ముక్కులోంచే కెమెరా గొట్టంతో) | త్వరగా, ఎక్కువకాలం | అదుపు మెరుగవుతుంది, ఎఫ్‌ఈవీ1 పెద్దగా మారదు | ఏళ్లు గడిచేకొద్దీ ఎక్కువ | మత్తు, కోలుకునే సమయం, జీవితాంతం కడుగు |
| బయోలాజిక్ ఇంజెక్షన్లు | వారాల నుంచి నెలల్లో, వాసనకు బాగా | తీవ్ర ఆస్తమాకు బాగా | ఆపితే తిరగబెట్టవచ్చు | ప్రతి రెండు, నాలుగు వారాలకు సూది, చాలా ఖర్చు |

## మందులు: "వాడాను, పనిచేయలేదు" అనే ముందు

స్ప్రే పనిచేయలేదనే చాలామంది విషయంలో లోపం కొట్టే తీరులో ఉంటుంది. తల వెనక్కి వాల్చి కొడితే మందు గొంతులోకి జారిపోతుంది. ముక్కు మధ్య దూలం మీదికి కొడితే పుండు పడి రక్తం వస్తుంది. తల కొద్దిగా ముందుకు వంచి, కుడి చేత్తో ఎడమ ముక్కులోకి, ఎడమ చేత్తో కుడి ముక్కులోకి, మొన అదే వైపు చెవి దిక్కుగా ఉండేలా కొట్టాలి. గట్టిగా పీల్చకూడదు. 8 నుంచి 12 వారాలు ఒక్క రోజూ తప్పకుండా వాడితేనే వాడినట్టు లెక్క.

స్ప్రేకు ముందు ఉప్పునీటితో కడగాలి. లీటరు నీటికి 9 గ్రాముల ఉప్పు, చిటికెడు వంటసోడా. మందుల షాపులో దొరికే ప్యాకెట్లైతే కొలత తప్పదు. నీళ్లు మరిగించి చల్లార్చినవే కావాలి. కుళాయి నీళ్లు, బోరు నీళ్లు, ఫిల్టర్ నీళ్లు నేరుగా వద్దు. మెదడును తినే అమీబా శరీరంలోకి వెళ్లేది ముక్కు దారినే. జలనేతి అలవాటున్నవారికీ ఇదే నియమం.

దిబ్బడ తీసే జైలోమెటజోలిన్ చుక్కలు వేరు. అవి వారం దాటితే దిబ్బడను పెంచుతాయి.

## ఆపరేషన్: ఏం వస్తుంది, ఏం రాదు

ఆస్తమా ఉన్నవారిలో సైనస్ ఆపరేషన్ ఫలితాలపై 22 అధ్యయనాలను, 891 మంది రోగులను కలిపి చూసిన విశ్లేషణ 2013లో వచ్చింది. సగటున రెండేళ్లకు పైగా గమనించాక 76 శాతం మంది ఆస్తమా అదుపు మెరుగైంది అన్నారు. దాదాపు 85 శాతం మందికి ఆయాసం దాడులు తగ్గాయి, 64 శాతం మందికి ఆసుపత్రిలో చేరడం తగ్గింది. స్టెరాయిడ్ మాత్రలు తగ్గించుకున్నవారు సుమారు 73 శాతం. పీల్చే స్టెరాయిడ్ తగ్గించుకోగలిగినవారు మాత్రం 28 శాతమే. ఎఫ్‌ఈవీ1లో చెప్పుకోదగ్గ మార్పు లేదు.

ఈ అంకెల్ని రోగి మాటల్లో చెప్పుకుంటే: రాత్రి నిద్ర పడుతుంది, ఎమర్జెన్సీకి పరుగులు తగ్గుతాయి, మాత్రల కోర్సులు తగ్గుతాయి. ఇన్‌హేలర్ మాత్రం ఉంటుంది. "ఆపరేషన్ అయితే పంపు అక్కర్లేదు" అని ఎవరైనా చెబితే ఆ ఆశతో బల్ల ఎక్కకండి.

రెండో వైపు కూడా చూడాలి. నెదర్లాండ్స్‌లో పాలిప్స్ ఉన్నవారిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు ఆపరేషన్‌తో పాటు మందులు, ఇంకో జట్టుకు మందులే ఇచ్చారు. 2022లో వెలువడిన ఆ ఫలితాల్లో ఏడాది తర్వాత ఆపరేషన్ జట్టు స్నాట్-22లో సగటున 4.9 పాయింట్లు మెరుగ్గా ఉంది. మనిషికి తెలిసే తేడా 9 అని పైన చెప్పుకున్నాం. అంటే పాలిప్ కనిపించిన ప్రతివారినీ వెంటనే ఆపరేషన్‌కు పంపాల్సిన పని లేదు. దిబ్బడ విపరీతంగా ఉండి, స్కోరు ఎక్కువగా ఉన్నవారికి దక్కే మేలు ఈ సగటు కన్నా పెద్దదిగా ఉండవచ్చు.

తిరగబెట్టడం గురించి: బెల్జియంలో 12 ఏళ్ల పాటు గమనించిన ఒక చిన్న బృందంలో దాదాపు 79 శాతం మందికి పాలిప్స్ మళ్లీ కనిపించాయి. కానీ మళ్లీ ఆపరేషన్ చేయించుకున్నది 37 శాతమే. కండ మళ్లీ కనిపించడం, మళ్లీ కోయాల్సి రావడం ఒకటి కాదు. చిన్న కండ స్ప్రేతో, కడుగుతో అణిగి ఉండవచ్చు. 45 అధ్యయనాలను కలిపి 2020లో వేసిన లెక్కలో పాలిప్స్ ఉన్నవారందరిలో మళ్లీ ఆపరేషన్ 18.6 శాతం, ఆస్తమా ఉన్నవారిలో 22.6, ఏఈఆర్‌డీలో 27 శాతం.

అదే లెక్కలో, అంతకుముందు కండ మాత్రమే తీయించుకున్నవారిలో మళ్లీ ఆపరేషన్ 26 శాతానికి చేరింది. కండను కత్తిరించి వదిలేస్తే వెనక, రెండు కళ్ల మధ్య ఉండే ఎథ్మాయిడ్ సైనస్ గదులు మూసే ఉంటాయి, కడుగు నీళ్లు అక్కడిదాకా పోవు. ఆస్తమా ఉన్నవారికి మా సలహా స్పష్టం: ఆపరేషన్ అంటూ చేయిస్తే పూర్తిగా చేయించండి. "ఎథ్మాయిడ్ గదులన్నీ తెరుస్తారా? నుదుటి సైనస్ సంగతేమిటి? తర్వాత బ్యూడెసొనైడ్ అనే స్టెరాయిడ్ కలిపిన కడుగు లోపలిదాకా చేరుతుందా?" అని సర్జన్‌ను అడగండి. ముక్కు దూలం వంకర సరిచేయడం గాలి ఆడటానికి, పరికరాలు లోపలికి పోవడానికి అవసరం కావచ్చు. దానొక్కదాన్నే చేస్తే పాలిప్స్ జబ్బు తగ్గదు. సైనస్ దారిని చిన్న బుడగతో వెడల్పు చేసే బెలూన్ పద్ధతి పాలిప్స్ నిండిన ముక్కుకు పనికిరాదు, ప్యాకేజీ ఎంత ఆకర్షణగా ఉన్నా. రెండు మూడుసార్లు తిరగబెట్టినవారికి నుదుటి సైనస్‌లు రెండూ కలిపి పెద్దగా తెరిచే డ్రాఫ్-3 లాంటి పెద్ద ఆపరేషన్లు ఉన్నాయి. అవి అందులో బాగా చేయి తిరిగిన చోటే చేయించాలి.

కంటికి దెబ్బ, మెదడు చుట్టూ ఉండే నీరు కారడం లాంటి పెద్ద ప్రమాదాలు అనుభవం ఉన్న చేతుల్లో 1 శాతం లోపే. రెండోసారి ఆపరేషన్‌లో గుర్తులు చెరిగిపోయి ఉంటాయి కాబట్టి సర్జన్ అనుభవానికి అక్కడ మరీ విలువ.

## బయోలాజిక్ ఇంజెక్షన్లు

పాలిప్స్‌కు అమెరికాలో మొదట అనుమతి పొందిన మూడింటినీ క్రమంలో చెబితే డూపిలుమాబ్ 2019, ఒమాలిజుమాబ్ 2020, మెపోలిజుమాబ్ 2021. డూపిలుమాబ్ 300 మి.గ్రా. రెండు వారాలకోసారి, మెపోలిజుమాబ్ 100 మి.గ్రా. నాలుగు వారాలకోసారి. ఒమాలిజుమాబ్ మోతాదు బరువు, ఐజీఈ చూసి లెక్కిస్తారు. మూడూ చర్మం కింద వేసే సూదులే.

వీటి బలం రెండు చోట్ల. మొదటిది వాసన. డూపిలుమాబ్ పెద్ద పరీక్షల్లో మొదట వాసన పూర్తిగా పోయినవారు దాదాపు నాలుగింట మూడు వంతులు. 24 వారాలకు వారి సంఖ్య మూడో వంతు లోపుకు దిగింది. రెండోది ఊపిరితిత్తులు. మాటిమాటికీ స్టెరాయిడ్ మాత్రలు పడే తీవ్ర ఆస్తమాకు ఒకే సూది ముక్కునూ ఛాతీనీ రెండింటినీ చూస్తుంది.

బలహీనత ఖర్చు, ఆపలేకపోవడం. అందుకే యూరోపియన్ మార్గదర్శకం వీటిని సాధారణంగా ఒకసారి ఆపరేషన్ అయినా తగ్గనివారికి, రెండు వైపులా పాలిప్స్ ఉండి, ఐదింటిలో కనీసం మూడు ఉంటే ఇమ్మంది: అలర్జీ తరహా వాపు, ఏడాదికి రెండైనా స్టెరాయిడ్ కోర్సులు, స్నాట్-22లో 40 లేదా ఎక్కువ, వాసన బాగా పోవడం, ఆస్తమా. మొదలుపెట్టే ముందు పేగుల్లో పురుగులు లేవని చూసుకోవాలి. డూపిలుమాబ్‌తో కళ్లు ఎర్రబడటం, ఇసినోఫిల్స్ పెరగడం కొందరిలో జరుగుతుంది. ఆరు నెలలకు అంకెల్లో తేడా లేకపోతే కొనసాగించడంలో అర్థం లేదు.

## ఎవరికి ఏది

స్ప్రే, కడుగు సరిగ్గా ఎప్పుడూ వాడనివారు, ఆస్తమా తేలికగా ఉన్నవారు: ముందు 12 వారాలు మందులే. సీటీ స్కాన్ ఆ తర్వాత తీయిస్తే అసలు స్థితి తెలుస్తుంది.

సరిగ్గా వాడినా ముక్కు మూసుకుపోయి, నిద్ర లేక, స్కోరు 40 పైన ఉండి, ఆస్తమా మందులతో అదుపులో ఉన్నవారు: పూర్తి ఎండోస్కోపిక్ ఆపరేషన్. ఏళ్ల తరబడి వాయిదా వేయడంలో లాభం కనిపించదు.

ఒకసారి పూర్తి ఆపరేషన్ అయ్యి, మళ్లీ పెరిగి, ఆయాసానికి మాత్రలు మానలేకపోతున్నవారు: ఇంకో ఆపరేషన్ కన్నా ముందు బయోలాజిక్ గురించి ఇద్దరు డాక్టర్లనూ ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడించండి. కొనే స్తోమత లేకపోతే రెండో ఆపరేషన్ తప్పు దారి కాదు.

నొప్పి మాత్రలు పడనివారు: పూర్తి ఆపరేషన్, మూడు నాలుగు వారాల తర్వాత ఆసుపత్రిలోనే ఆస్పిరిన్ అలవాటు చేసే చికిత్స. తర్వాత రోజూ ఆస్పిరిన్ వేసుకోవాలి, ఆపితే అలవాటు పోతుంది. కడుపులో పుండు ఉన్నవారికి, గర్భిణులకు, ఆస్తమా అదుపులో లేనివారికి ఇది వద్దు. వారికి బయోలాజిక్ మిగులుతుంది.

మట్టిరంగు, ఆకుపచ్చ జిగురు ముద్దలు వచ్చేవారు, కన్ను ముందుకు తోసుకొచ్చినవారు: ఇది అలర్జిక్ ఫంగల్ సైనసైటిస్ కావచ్చు. వేడి, తేమ ఉన్న మన ప్రాంతాల్లో దీన్ని మరవకూడదు. ఇక్కడ ఎంపికకు చోటు తక్కువ, ఆపరేషనే మొదట. జిగురు లోపల ఉండగా ఏ మందూ పూర్తిగా పనిచేయదు. ఐజీఈ వందల్లో, వేలల్లో ఉంటే ఊపిరితిత్తుల్లోనూ ఇదే ఫంగస్ అలర్జీ ఉందేమో చూడమనండి.

షుగర్ ఉన్నవారు: స్టెరాయిడ్ మాత్రల మీద నెట్టుకురావడమే అన్నిటికన్నా ఖరీదైన దారి. మిగతావారికన్నా ముందే ఆపరేషన్ ఆలోచించాలి.

డబ్బు సంగతి ముందే తేల్చుకోండి. చాలా ఆరోగ్య బీమా పాలసీల్లో సైనస్ జబ్బులకు 24 నెలల వేచి ఉండే గడువు ఉంటుంది. ఆరోగ్యశ్రీ లాంటి పథకం కార్డు ఉంటే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. ఇంజెక్షన్లకు క్లెయిము వస్తుందో లేదో బీమా కంపెనీ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి.

## ఆపరేషన్‌కు వెళ్తే

ఆస్తమా అదుపులో లేకుండా మత్తు ఇవ్వనివ్వకండి. పిల్లికూతలు వినిపిస్తున్నా, ఈ మధ్యే జలుబు చేసి ఆయాసం పెరిగినా వాయిదా వేయాలి. మీకు మామూలుగా ఉండే ఎఫ్‌ఈవీ1 ఎంతో మత్తు డాక్టరుకు చెప్పండి. పాలిప్స్ పెద్దవైతే ముందు 5 నుంచి 7 రోజులు స్టెరాయిడ్ మాత్రలు ఇస్తారు, అవి రక్తస్రావాన్నీ ఆయాసం ముప్పునూ తగ్గిస్తాయి. రక్తం పలచబరిచే మందులు ఎప్పుడు ఆపాలో గుండె డాక్టరును అడిగాకే ఆపండి. ఆపరేషన్ రోజు ఉదయం ఇన్‌హేలర్ మానకూడదు, పంపు వెంట తీసుకెళ్లాలి. నొప్పి మాత్రలు పడనివారు కేసు షీటు మీద ఎర్ర ఇంకుతో రాయించండి. కాంబిఫ్లామ్ లాంటి కలిపిన మాత్రల్లో ఐబుప్రొఫెన్ ఉంటుందని గుర్తుంచుకోండి.

తర్వాత వారం పది రోజులు ముక్కు చీదకూడదు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి, బరువులెత్తకూడదు. సర్జన్ చెప్పిన రోజు నుంచే కడుగు మొదలు. లోపల పట్టిన పక్కులు తీయించుకోవడానికి మొదటి వారంలో, తర్వాత రెండు మూడుసార్లు వెళ్లాలి. నొప్పిగా ఉంటుందని ఇవి ఎగ్గొడితే పొరలు అతుక్కుని తెరిచిన దారి మూసుకుపోతుంది. గాయం మానాక 240 మి.లీ. ఉప్పునీటిలో 0.5 లేదా 1 మి.గ్రా. బ్యూడెసొనైడ్ రెస్ప్యూల్ కలిపి, సగం ఒక ముక్కుకు, సగం ఇంకోదానికి, సర్జన్ చెప్పినట్టు రోజుకు ఒకటి రెండుసార్లు కడగాలి. నెబ్యులైజర్‌లో వేసే ఆ చిన్న గొట్టమే ఇది.

కన్ను ఉబ్బడం, చూపు మసకబారడం, వంగినప్పుడు ఒక ముక్కు నుంచి ఉప్పగా నీళ్లలా కారడం, మెడ పట్టేసి జ్వరం, 20 నిమిషాలైనా ఆగని రక్తం. వీటిలో ఏది వచ్చినా మర్నాటి దాకా ఆగకుండా ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి వెళ్లాలి.

ఇన్‌హేలర్ మోతాదు తగ్గించే మాట ఆయాసం లేకుండా మూడు నెలలు గడిచాక, స్పైరోమెట్రీ మళ్లీ చేయించాక, ఊపిరితిత్తుల డాక్టరు దగ్గర మాత్రమే. ముక్కు తేలికపడిన ఉత్సాహంలో మొదటి నెలలోనే పంపు మానేస్తే మళ్లీ దాడి రావచ్చు. మృగశిర కార్తె చేప ప్రసాదం తీసుకునేవారు కూడా ఆ రోజు నుంచి పంపు ఆపవద్దు.